ముందు మంచాలు

పోయిన ఎండాకాలం మా తమ్ముడికి న్యుమోనియా వస్తే కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో పెట్టారు. పూటకు ఒక్కరినే, అదీ పది నిమిషాలకే లోపలికి రానిచ్చేవారు. నా వంతు వచ్చినప్పుడు చెప్పులు విడిచి, వాళ్లిచ్చిన గౌను తొడుక్కుని వెళ్లాను. తెరల మీద గీతలు, అంకెలు, రకరకాల కూతలు. నేను ఉద్యోగం మానేనాటికి అవేవీ మా ఆసుపత్రిలోకి రాలేదు. తమ్ముడి తలాపున గోడకు బిగించిన చిన్న సీసాలో మాత్రం నీళ్లు బుడబుడమంటున్నాయి. ఆక్సిజన్ ఆ నీళ్లలోంచి తడిసి వస్తుంది. ఆ చప్పుడు నాకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఏళ్ల తరబడి దాదాపు రోజూ విన్నాను. ఆ చప్పుడు పక్కనే తెల్లచీర కట్టుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒకావిడ కూర్చునేది. ఆమె మార్తమ్మ సిస్టర్, మా హెడ్ నర్సు. ఆమెను ఎరిగినవాళ్లలో నాకు తెలిసినంతవరకు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. అందుకని రాస్తున్నాను.

నేను పనిలో చేరిన ఊరు నిర్మల్ దాటి అడవి వైపు పోయే తోవలో ఉండేది. ఊరి పేరు రాయను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదారేళ్లు అయ్యుంటుంది. సర్కారు దవాఖానలో ఉన్నది ఒకటే పొడుగాటి హాలు, మధ్యలో చెక్క తెర. తెరకు ఇవతల మగవాళ్లు, అవతల ఆడవాళ్లు. తలుపు దగ్గర హెడ్ నర్సు బల్ల. ఆ బల్ల చుట్టూ నాలుగు మంచాలు. వాటినే అందరూ ముందు మంచాలు అనేవారు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లను, ఆడా మగా అని చూడకుండా, చుట్టూ గుడ్డ కట్టి అక్కడ పడుకోబెట్టేవాళ్లం. చక్రాల బండి మీద నల్లటి ఆక్సిజన్ సిలిండరు అక్కడే ఉండేది. అది అయిపోతే మరొకటి హైదరాబాదు నుంచి లారీలో రావాలి. హాలు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కూడా ఆ మంచాల మీదే తిరిగేది.

అప్పట్లో ఐసీయూ అనే మాట మేమెవరమూ వినలేదు. మనిషిని కంటి ముందు పెట్టుకుని గంట గంటకూ చూడడానికి ఆ నాలుగు మంచాలను ఏర్పాటు చేసింది మార్తమ్మ. ఆమె మెథడిస్టు సంఘానికి చెందిన కూలి కుటుంబంలో పుట్టింది. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, నిజాం రాజ్యం పోయిన ఏడాది సర్కారు నౌకరీలో చేరింది. పెళ్లి చేసుకోలేదు. తెలుగు, ఉర్దూ, పక్క జిల్లావాళ్లతో మరాఠీ, అన్నీ ఒకే గొంతుతో, పైకి లేవకుండా మాట్లాడేది.

మొదటి రోజు నన్ను బల్ల ముందు నిలబెట్టి అడిగింది.

"ఏ ఊరు పిల్లా?"

"సిరిసిల్ల, సిస్టర్."

"మీ బాపు ఏం జేస్తడు?"

"సాంచెలు నడుపుతడు."

"మరమగ్గాల కాడ మాట వినపడదు గద. ఎట్ల మాట్లాడుకుంటరు?"

"పెదవులు జూసి తెలుసుకుంటం. అవ్వకు, నాకు, అందరికీ అలవాటే."

ఆమె కళ్లద్దాలు పైకి జరుపుకుని నన్ను కాసేపు చూసింది. "అయితే నువ్వు ముందు మంచాల కాడనే ఉండు. వాళ్లకు దమ్ము చాలక గొంతు రాదు. ఏమంటున్నరో నువ్వు జెప్పు" అంది.

పద్మశాలి పిల్ల నర్సు పనికి పోవడం మా వాడలో చాలామందికి నచ్చలేదు. సాంచెల మోతలో పెరిగినందుకు ఒకరు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

మార్తమ్మ బల్ల సొరుగులో సర్కారు రికార్డు కాని నోటుబుక్కు ఒకటి ఉండేది. ముందు మంచం ఎక్కిన ప్రతి మనిషికీ అందులో ఒక వరుస. పేరు, ఊరు, రోగం మొదలైన ఎన్నో రోజున వచ్చారు, దేనిమీద వచ్చారు, ఎవరు తీసుకొచ్చారు, చివరికి ఏమైంది. ఇదంతా ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కొన్ని నెలల తరవాత ఒక మధ్యాహ్నం, మంచాలు నిమ్మళంగా ఉన్న వేళ, ఆమే ఆ పుస్తకం నా చేతికిచ్చింది.

"ఈ పేజీల పేర్లు చదువు. జర నిదానంగ."

చదివాను.

"ఏం తెలిసింది?"

"పేర్లు, సిస్టర్."

"మళ్ల చదువు."

మళ్లీ చదివాను. రాజయ్య, పోశెట్టి, లింగన్న, ఖాజా మియా, నడిపి భూమన్న. సగం దాకా వచ్చాక నా గొంతు నెమ్మదించింది. పేజీ మొత్తంలో రెండే ఆడ పేర్లున్నాయి. పొద్దున బయట మందుల కోసం నిలబడే వరుసలో సగం మంది ఆడవాళ్లే.

"ఆడోళ్లకు పానం మీదికి రాదా? వస్తది. ఇంట్లనే వస్తది, ఇంట్లనే పోతది" అంది మార్తమ్మ. పుస్తకం తీసుకుని సొరుగులో పెట్టేసింది.

ఆ వారంలోనో, తరవాతి వారంలోనో దగ్గర పల్లె నుంచి ఒక రైతు భార్యను ఎడ్లబండిలో తెచ్చాడు. పెదవులు నీలం తిరిగి ఉన్నాయి. మేము మంచం మీద చేర్చి, సిలిండరు పెట్టి, పెన్సిలిన్ ఇచ్చాక మార్తమ్మ పుస్తకం తెరిచి రైతును అడిగింది.

"జరమొచ్చి ఎన్నొద్దులాయె?"

"తొమ్మిదొద్దులు."

"పోయిన చలికాలం నువ్వు గీ మంచం మీదనే ఉంటివి. నువ్వు ఎన్నోనాడు వచ్చినవ్?"

అతను గుర్తు చేసుకున్నాడు. "రెండోనాడే వచ్చిన."

"నిన్నెవలు తీసుకొచ్చిండ్రు?"

అతను మంచం వైపు చూశాడు. "ఇదే తోలుకొచ్చింది" అన్నాడు.

మార్తమ్మ అతన్ని మందలించలేదు. రాసుకుంది. రైతు భార్య నాలుగో రోజు చనిపోయింది. అతను చాలాసేపు వరండాలో తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అలా ఆ పుస్తకం చదవడం నేర్చుకున్నాను. వానలు మొదలైన నెలలో ముందు మంచాలు ఖాళీగా ఉండేవి. కొత్తగా వచ్చిన డాక్టరు సాబు అది చూసి ఈసారి జనం ఆరోగ్యంగా ఉన్నారని సంతోషించాడు. మార్తమ్మ, "ఎడ్లు నాగలి కాడ ఉన్నయి సాబ్. బండి కట్టేటోడు లేడు" అంది. మరోసారి ఆయన, అడవి ఊళ్ల వాళ్లు ముందు మంచం మీద ఎక్కువగా చనిపోతున్నారు, వాళ్ల ఒంటికి మన వైద్యం పడదేమో అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, చదువు ముగించి నేరుగా వచ్చినవాడు. మార్తమ్మ పుస్తకం ఆయన ముందు పెట్టి, వచ్చిన రోజు రాసిన వరస మీద వేలు పెట్టింది. "వాళ్లు సచ్చేది మంచం మీద గాదు సాబ్, తొవ్వల. ఈడికి వచ్చినంక మనం రాసుకుంటున్నం, గంతే" అంది. ఆయన ఆ పేజీ చాలాసేపు చూశాడు. ఆ తరవాత ఆ మాట మళ్లీ అనలేదు.

ఇంకో సంగతి కూడా పుస్తకంలో కనబడేది. పెద్ద రోగమేమీ లేకుండా ముందు మంచం ఎక్కినవాళ్లు కొందరుండేవారు. వాళ్ల పేర్ల పక్కన మార్తమ్మ చిన్నగా 'ఫ్యాను' అని రాసేది.

నేను చేరిన మూడో ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో, టేకు కలప గుత్తేదారు ఒకాయన తండ్రిని తెచ్చి చేర్చాడు. ముసలాయన పేరు రంగయ్య. ఉబ్బసం. వచ్చిన రోజు నిజంగానే కష్టంగా ఉండింది. నాలుగు రోజులకు తేరుకున్నాడు. గుత్తేదారు పలుకుబడి ఉన్నవాడు కావడంతో పది రోజులైనా ఆయన మంచం మారలేదు. మిగతా మూడింటి మీద కదపలేని రోగులున్నారు. రంగయ్య రోజూ నన్ను పిలిచి ఏదో ఒకటి అడిగేవాడు. దిండు సరిగా లేదనేవాడు. ఫ్యాను గాలి కాళ్లకు తగలడం లేదనేవాడు. నాకు విసుగు పుట్టింది.

ఒక ఉదయం ఉట్నూర్ అవతలి గూడెం నుంచి భీంబాయి అనే గోండు స్త్రీని బండిలో తెచ్చారు. రెండు రోజుల ప్రయాణం. ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త మాన్కుకు తెలుగు కొద్దిగానే వచ్చు. ఆమెకు రెండు ఊపిరితిత్తులూ పట్టేశాయి. డాక్టరు సాబు కోర్టు సాక్ష్యానికి ఆదిలాబాద్ వెళ్లాడు, సాయంత్రానికి గాని రాడు. మార్తమ్మ ఆమె పక్కన నిలబడి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. తరవాత రంగయ్య దగ్గరికి వెళ్లి ఆయన ఊపిరి కూడా నిమిషం పాటు లెక్కపెట్టింది. గుండె మీద చెవిగొట్టం పెట్టి విన్నది.

"పెద్దయ్యా, నిన్ను లోపలి మంచానికి మారుస్తున్న. ఈ ఆడమనిషికి పానం మీద ఉన్నది."

"నా కొడుకు రానీ" అన్నాడు రంగయ్య.

"వచ్చినంక నేనే చెప్త."

మేమిద్దరం ఆయన్ను నడిపించుకుని హాలు చివరి మంచానికి తీసుకెళ్లాం. నడవగలిగాడు. అక్కడ కూర్చుని నాతో కోపంగా, "గీడ గాలి లేదు" అన్నాడు. మార్తమ్మ నాతో, "గంటకోసారి పోయి జూడు. ఏమన్న ఉంటే నాకు జెప్పు" అంది. భీంబాయిని ముందు మంచం మీదికి చేర్చి సిలిండరు పెట్టాం. ఆ పగలంతా మార్తమ్మ ఆమె దగ్గరి నుంచి కదల్లేదు.

ఇప్పుడు రాసేది నా గురించి. రెండు గంటలకు వెళ్లాను, మూడు గంటలకు వెళ్లాను, రంగయ్య బాగానే ఉన్నాడు. నాలుగు గంటలకు వెళ్లేసరికి మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు. నన్ను చూసి పెదవులు కదిలించాడు. గొంతు రాలేదు. ఆయన అన్నది నాకు స్పష్టంగా తెలిసింది. "దమ్మాడుతలేదు బిడ్డా." పొద్దుటి నుంచి ఫ్యాను కోసం సాధిస్తున్నాడు, ఇది కూడా మంచం కోసమే అనుకున్నాను. ఊపిరి లెక్కపెట్టి, ఎక్కువగానే ఉన్న ఆ అంకెను చీటీలో రాసి, ఇవతలికి వచ్చేశాను. మార్తమ్మకు చెప్పలేదు. భీంబాయికి అప్పుడు సూది మార్చే పని పడింది, అందులో మునిగాను. అయిదు గంటలకు ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఆరు గంటలకు వెళ్లినప్పుడు ఆయన గోళ్లు నల్లబడి ఉన్నాయి.

మార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. అప్పుడే దిగిన డాక్టరు సాబు నరంలోకి మందు ఇచ్చాడు. సిలిండరు కాసేపు ఆయనకు, కాసేపు ఆమెకు పెడుతూ వచ్చారు. మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు రంగయ్య పోయాడు. భీంబాయి బతికింది.

గుత్తేదారు అరవలేదు. తండ్రి కాళ్ల దగ్గర నిలబడి, "మా బాపును ఎందుకు తీసిండ్రు?" అని మాత్రం అడిగాడు. మంచం తానే మార్పించానని, ఎందుకు మార్పించిందో మార్తమ్మ చెప్పింది. అతను వారంలోపు పైవాళ్లకు దరఖాస్తు పెట్టాడు. విచారణకు పట్నం నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చాడు.

విచారణకు ముందు రోజు మార్తమ్మతో అన్నాను. "ఏం చెప్పమంటరు సిస్టర్?"

"జూసింది జెప్పు. నా మొఖం జూసి చెప్పకు."

నేను చూసింది సగమే చెప్పాను. మంచం మార్చేటప్పుడు ఆయన నడిచాడని, మాట్లాడాడని, రెండు గంటలకు, మూడు గంటలకు బాగున్నాడని చెప్పాను. పెద్ద డాక్టరు నాలుగు గంటల చీటీ చేతిలో పట్టుకుని, "ఈ అంకె ఎవరు రాశారు? ఎవరికి చెప్పారు?" అని అడిగాడు. నేను ఆ చీటీనే చూస్తున్నాను. పక్కన నిలబడ్డ మార్తమ్మ, "మంచం మార్పిచ్చింది నేను సార్. మార్పిచ్చినంక చూసుకోవాల్సింది కూడ నేనే. నేను పోలే" అంది. అది అబద్ధం కాదు. నన్ను కాపాడడానికి అన్న మాటలా కూడా లేదు. ఆమె నిజంగానే అలా అనుకుంది. ఆయన రాసుకున్నాడు. నన్ను వెళ్లమన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. భీంబాయి వరస, దాని కింద రంగయ్య వరస, రెండూ ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. రంగయ్య పేరు పక్కన, ఆయన తేరుకున్నాక రాసిన 'ఫ్యాను' అనే మాట ఒక గీతతో కొట్టేసి ఉంది. చివరి గడిలో 'మంచం నేను తీయించిన, తర్వాత చూడలే' అని రాసింది.

"నాలుగింటికి నువ్వు పోయినవ్ గద. ఏమన్నడు?"

చెప్పాను. ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు, కోప్పడలేదు.

"నీ పేరు నేను రాయ. రాయాలనిపిస్తే నువ్వే రాయి" అని కలం బల్ల మీద పెట్టి, మంచాల వైపు వెళ్లింది.

రాశాను. 'నాలుగు గంటలకు దమ్మాడుతలేదని చెప్పిండు, నేను నమ్మలే' అని రాసి, కింద నా పేరు పెట్టాను. ఆమె తిరిగి వచ్చి చదివి, ఇంకు ఆరేదాకా ఆగి, పుస్తకం మూసింది. నాలుగింటికే చెప్పి ఉంటే ఆయన బతికేవాడా అని ఆమెనూ డాక్టరు సాబునూ తరవాత చాలాసార్లు అడిగాను. ఇద్దరూ తెలియదనే అన్నారు.

భీంబాయి మరో పదిహేను రోజులుండి లేచింది. వెళ్లే ముందు మాన్కు జొన్నపిండి మూట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మార్తమ్మ వద్దని చెప్పలేదు, తీసుకుంది. అతనితో, "మీ గూడెంల ఇంకెవలకన్న గిట్లయితే గిన్నొద్దులు ఆగకు" అంది. అతనికి ఎంత అర్థమైందో తెలియదు. తల ఊపాడు.

మార్తమ్మను శిక్షగా ఉట్నూర్ దవాఖానకు బదిలీ చేశారు. అక్కడ మంచాలు కూడా సరిగ్గా లేవు. ఆమె రెండు పెట్టెలతో జీపు ఎక్కేటప్పుడు నోటుబుక్కు నాకు ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. "కొత్తది నువ్వు మొదలుపెట్టు. నా రాత జూసి రాస్తే నాకు కనపడ్డదే నీకు కనపడ్తది" అంది.

రెండేళ్ల తరవాత సెలవు పెట్టి ఆమెను చూడడానికి వెళ్లాను. ఆ రోజు ఉట్నూర్‌లో అంగడి, వారానికోసారి జరిగే సంత. ఆమె దవాఖానలో లేదు. వెతికితే అంగట్లో, మిరపకాయలు అమ్మేవాళ్ల పక్కన ఒక స్టూలు మీద గొడుగు పట్టుకుని కూర్చుని కనబడింది. వచ్చేపోయే ఆడవాళ్లను పలకరిస్తోంది. గోండి మాటలు కొన్ని నేర్చుకుంది. అవి చాలనప్పుడు పక్కనున్న టీచరు ఒకామె అందించేది. అందరినీ అడిగేది ఒకటే: పోయిన అంగడికి వచ్చి, ఈ అంగడికి రానిది ఎవరు, ఎందుకు రాలేదు. జవాబులు కాగితం మీద రాసుకుని, పొద్దు వాలేలోపు గిరిజన సంక్షేమ ఆఫీసు జీపు డ్రైవరును ఆ ఊళ్లకు పంపేది. ఆ పూట అలా ఇద్దరిని తెచ్చారు. ఒకామె బాలింత, ఒళ్లు కాలిపోతోంది. ఆమెను నిర్మల్ దారిలో నేను పనిచేసే దవాఖాన ముందు మంచానికే పంపారు. జ్వరం మొదలైన మూడో రోజునే ఆమె వచ్చిందని మార్తమ్మ నాకు చెప్పింది. అంత సంతోషంగా ఆమె ఇంకే సంగతీ చెప్పగా నేను వినలేదు.

తిరుగు బస్సు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, అంతకాలం మనసులో ఉన్నది అడిగాను.

"రంగయ్య మంచం మళ్ల తియ్యాల్సి వస్తే తీస్తరా, సిస్టర్?"

"తీస్త. కానీ తీసినంక పోయి ఆయన కాడ కూసుంట. అందరం కొత్తగ వచ్చినామె కాడనే ఉంటిమి. మంచం ఇచ్చినాయన కాడ ఎవ్వలు లేకపోతిరి."

అంతకు మించి దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఉద్యోగం ముగిశాక ఆమె చొప్పదండి దగ్గర తమ్ముడి ఇంట్లో, పసుపు చేను పక్కన కొన్నేళ్లు బతికింది. ఒక ఉదయం చాయ్ తాగి పడుకుని లేవలేదని తమ్ముడు ఉత్తరం రాశాడు. అది నాకు చేరేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. నోటుబుక్కు ఏమైందని అడుగుతూ జవాబు రాశాను. అలాంటిదేదీ ఇంట్లో కనబడలేదన్నాడు.

తరవాత నేనూ హెడ్ నర్సునయ్యాను. మూడు ఊళ్లలో పనిచేశాను. మంచాలు పెరిగాయి, సిలిండర్లు పెరిగాయి, కానీ ఏ రోజూ సరిపోలేదు. ఒకరిని లేపి ఒకరిని పడుకోబెట్టక తప్పలేదు. అలా లేపిన ప్రతిసారీ, కొత్తగా వచ్చినవాళ్లను మరో నర్సుకు అప్పగించి, నేను స్టూలు తీసుకుని హాలు చివరికి వెళ్లేదాన్ని. చాలామందికి అది వింతగా ఉండేది. ఒక లారీ డ్రైవరు నవ్వి, "నా కాడ కూసున్నవేంది సిస్టరమ్మా? నాకు మంచిగనే ఉన్నది. అటు పో, ఆమెను జూడు" అన్నాడు.

"మంచిగనే ఉండు" అని చెప్పి, గడియారం చేతిలోకి తీసుకుని, అతని ఊపిరి నిమిషం నిండేదాకా లెక్కపెట్టాను.